లాలాగూడ నుంచి హింగోలీ దాకా: గురుత్వం లెక్కలో దాగిన ద్రవ్యరాశి

సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న లాలాగూడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో డబ్ల్యూఏపీ-7 రకం ఇంజన్లు ఉంటాయి. ఒక్కో ఇంజన్ బరువు 123 టన్నులు. పక్కపక్క పట్టాల మీద రెండు ఇంజన్లు ఆగి ఉన్నాయనీ, వాటి మధ్యగీతల నడుమ 5 మీటర్ల దూరం ఉందనీ అనుకుందాం. ప్రతి వస్తువూ మరో వస్తువును లాగుతుందన్న న్యూటన్ నియమం ప్రకారం ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. ఎంత బలంతో? తొమ్మిదో తరగతి పుస్తకంలోని సూత్రంలో అంకెలు వేస్తే 0.04 న్యూటన్లు వస్తుంది. నాలుగు గ్రాముల వస్తువు అరచేతి మీద మోపే భారం అంతే ఉంటుంది. రెండు ఇంజన్లూ కలిపి 246 టన్నుల ఇనుము, వాటి మధ్య బలం నాలుగు గ్రాములు!

నిజానికి ఆ నాలుగు గ్రాములు కూడా ఎక్కువే. పుస్తకంలోని సూత్రం రెండు బిందువులకు చెప్పింది. ఇంజన్ బిందువు కాదు, దాని పొడవు 20 మీటర్లు దాటుతుంది. ఈ ఇంజన్ ముందు భాగానికీ ఆ ఇంజన్ వెనక భాగానికీ మధ్య దూరం 5 మీటర్లు కాదు, 20 పైమాటే. పైగా ఆ ఏటవాలు లాగుడులో చాలా భాగం ఎదురెదురు దిక్కుల్లో కొట్టుకుపోతుంది. ఇంజన్లను రెండు పొడవాటి కడ్డీలుగా తీసుకుని ముక్కముక్కకీ లెక్క కట్టి కూడితే నికరంగా మిగిలేది 1.6 గ్రాముల బరువంత బలం. ఇప్పుడు ఒక ఇంజన్‌ను 50 మీటర్ల దూరానికి జరిపితే? దూరం పది రెట్లయింది కాబట్టి బలం నూరో వంతుకు పడిపోవాలని సూత్రం చెబుతుంది. కడ్డీల లెక్కలో అది నలభయ్యో వంతుకే పడుతుంది. అంత దూరం వెళ్లాక మాత్రం రెండు లెక్కలూ దాదాపు కలుస్తాయి, తేడా నాలుగు శాతం లోపే ఉంటుంది.

ద్రవ్యరాశుల లబ్ధాన్ని దూరం వర్గంతో భాగించడం బడిలో ఒక్క నిమిషం పని. కానీ ద్రవ్యరాశి ఎక్కడ, ఏ ఆకారంలో పరుచుకుని ఉంది, దూరం ఎక్కడి నుంచి కొలవాలి అన్న ప్రశ్నలు వేయగానే ఆ చిన్న సూత్రం పెద్ద శాస్త్రమవుతుంది. గత రెండు వందల ఏళ్లలో ఈ సూత్రం చేసిన అసలు మేలు బలాన్ని లెక్కించడంలో లేదు. కొలిచిన బలం లెక్కకు రానప్పుడల్లా కంటికి కనిపించని ద్రవ్యరాశిని పట్టించడంలో ఉంది. ఆ పనిలో హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలకు గట్టి వాటా ఉంది. మన పాఠాల్లో ఆ సంగతి దాదాపు ఎక్కడా కనిపించకపోవడం బాధాకరం.

ముందు ద్రవ్యరాశి సంగతి. బలం రెండు ద్రవ్యరాశుల లబ్ధం మీద ఆధారపడుతుంది కాబట్టి ఎవరు ఎవరిని ఎక్కువ లాగుతున్నారన్న ప్రశ్నే లేదు. భూమి మామిడికాయను ఎంత బలంతో లాగుతుందో మామిడికాయ కూడా భూమిని సరిగ్గా అంతే బలంతో లాగుతుంది. కదలికలో తేడా వచ్చేది ఆ బలానికి లోబడే ద్రవ్యరాశి వల్ల. బరువైన వస్తువు మీద బలం ఎక్కువ, దాన్ని కదిలించడమూ అంతే కష్టం. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవడంతో గాలి అడ్డు లేనిచోట ఇనుపగుండూ దూదిపింజా ఒకేసారి నేలను తాకుతాయి. లాగే ద్రవ్యరాశీ, కదలనని మొరాయించే ద్రవ్యరాశీ ఇంత కచ్చితంగా ఎందుకు సమానమన్నది చిన్న ప్రశ్న కాదు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతానికి పునాది అక్కడే పడింది.

ద్రవ్యరాశి, బరువు ఒకటి కావని చెప్పడానికి చంద్రుడి దాకా వెళ్లనక్కర్లేదు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఏ నగల దుకాణంలోనైనా ఉండే ఎలక్ట్రానిక్ కాటా చాలు. పాతకాలపు తక్కెడలో రెండు పళ్లాల మీదా ఒకే గురుత్వం పనిచేస్తుంది కాబట్టి అది ద్రవ్యరాశినే పోలుస్తుంది. దాన్ని ఢిల్లీ తీసుకెళ్లినా చంద్రుడి మీదికి తీసుకెళ్లినా తూకం మారదు. ఎలక్ట్రానిక్ కాటా అలా కాదు. అది తన మీద పడే బలాన్ని కొలిచి గ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది. గురుత్వ త్వరణం ఢిల్లీలో సెకనుకు సెకనుకు దాదాపు 9.791 మీటర్లు, సికింద్రాబాద్‌లో దాదాపు 9.783. ఢిల్లీలో సరిచేసిన కాటాను ఇక్కడికి తెచ్చి అలాగే వాడితే 10 గ్రాముల బంగారానికి 8 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. అందుకే సున్నితమైన కాటాలను వాడేచోటే ప్రామాణిక తూకపు రాళ్లతో సరిచేయాలి.

సికింద్రాబాద్‌లో గురుత్వం తక్కువ ఎందుకో చూస్తే దూరం సంగతి కూడా తేలిపోతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బి ఉంది. కాబట్టి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊళ్లు భూకేంద్రానికి కాస్త దూరం. ఆ భ్రమణం వల్ల కూడా బరువు కొంత తగ్గుతుంది. ధ్రువాల దగ్గర 9.832 ఉండే విలువ భూమధ్యరేఖ దగ్గర 9.780కి దిగుతుంది. 17.4 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న సికింద్రాబాద్‌కు సముద్రమట్టం మీదైతే 9.785 రావాలి. కానీ ఊరు దక్కన్ పీఠభూమి మీద 540 మీటర్ల ఎత్తున ఉంది. మీటరు ఎత్తుకు గురుత్వం 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది. గెలీలియో పేరు మీద ఏర్పడిన ‘గాల్’ సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు, మిల్లీగాల్ అందులో వెయ్యో వంతు. 540 మీటర్లకు ఇలా 167 మిల్లీగాళ్లు పోతాయి. కాళ్ల కింద ఉన్న 540 మీటర్ల గ్రానైటు తన వంతుగా లాగి 60 మిల్లీగాళ్లు తిరిగి ఇస్తుంది. అంటే ఒకే ఎత్తు రెండు రకాలుగా లెక్కలోకి వస్తుంది, దూరంగా తగ్గిస్తుంది, రాతిగా పెంచుతుంది.

ఇంతటి లెక్కలో భూమి మొత్తాన్నీ కేంద్రం దగ్గరి ఒక బిందువుగా చూడటం ఎలా కుదిరింది? పొడవాటి ఇంజన్లకు పనిచేయని బిందువు లెక్క గుండ్రటి వస్తువులకు పనిచేస్తుందని న్యూటన్ 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో నిరూపించాడు. గోళం బయట ఉన్నవారికి దాని ద్రవ్యరాశంతా కేంద్రంలోనే ఉన్నట్టు లెక్క. బోలు గోళం లోపల ఉన్నవారిని మాత్రం ఆ పెంకు ఏ వైపూ లాగదు. ఈ సిద్ధాంతమే లేకపోతే చంద్రుడి పరీక్షకు గట్టి ఆధారం ఉండేది కాదు. చంద్రుడు భూకేంద్రం నుంచి 60 భూవ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. విలోమ వర్గ నియమం నిజమైతే అక్కడ గురుత్వం నేల మీదికంటే 3,600 రెట్లు తక్కువుండాలి. చంద్రుడి కక్ష్య నుంచి లెక్కించిన విలువ సెకనుకు సెకనుకు 0.0027 మీటర్లు. 9.8ని 3,600తో భాగించినా అంతే వస్తుంది.

దూరాన్ని నేల నుంచి కాక కేంద్రం నుంచి కొలవాలన్న మాట మరిచిపోవడం వల్లే అంతరిక్షంలో గురుత్వం ఉండదన్న అపోహ పుట్టింది. నేల నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతరిక్ష కేంద్రం కేంద్రం నుంచి 6,770 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ గురుత్వం నేల మీద ఉన్నదానిలో 89 శాతం. వ్యోమగాములు తేలుతున్నట్టు కనిపించేది గురుత్వం లేక కాదు, కేంద్రంతోపాటు వారూ నిరంతరం పడుతూ ఉండటం వల్ల. చంద్రుడి మీది ఆరో వంతు బరువులోనూ ద్రవ్యరాశి, దూరం రెండింటి పాత్రా ఉంది. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతే. కానీ వ్యాసార్ధం నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కాబట్టి నిలబడినవాడు కేంద్రానికి చాలా దగ్గరగా ఉంటాడు. ఆ దగ్గరితనం 81వ వంతును ఆరో వంతుదాకా లాక్కొస్తుంది.

శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఈ రెండు ఆకర్షణల మధ్య దారి వెతుక్కుంటూ ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఆ సెప్టెంబరు 2న అక్కడి నుంచే వెళ్లిన ఆదిత్య-ఎల్1ది మరింత ఆసక్తికరమైన లెక్క. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో అది తిరుగుతోంది. సూర్యుడికి దగ్గరైన వస్తువు మామూలుగా భూమికంటే త్వరగా చుట్టు ముగించాలి. కానీ అక్కడ సూర్యుడి లాగుడులో దాదాపు మూడు శాతాన్ని భూమి వెనక్కి లాగి రద్దు చేస్తుంది. దాంతో ఆ నౌక భూమికి తోడుగా 365 రోజుల్లోనే చుట్టి వస్తుంది.

పైకి వెళితే ఇలా తగ్గుతుంది. కిందికి వెళితే? ఇంటర్మీడియట్ లెక్కల్లో భూమిలోకి దిగేకొద్దీ గురుత్వం తిన్నగా తగ్గి కేంద్రం దగ్గర సున్నా అవుతుంది. సాంద్రత అంతటా ఒకటే అన్న ఊహ మీద నిలిచిన జవాబది. నిజమైన భూమిలో అత్యంత బరువైన పదార్థం ఇనుప గర్భంలో ఉంది. పైనున్న రాళ్ల సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల దగ్గర ఉంటే భూమి సగటు సాంద్రత 5.5. అందువల్ల గనిలోకి దిగేవాడు పైపొర రాతి లాగుడును కొంత పోగొట్టుకున్నా, గర్భానికి దగ్గరై అంతకంటే ఎక్కువే పొందుతాడు. తెలుగు కార్మికులు తరతరాలుగా పనిచేసిన కోలార్ బంగారు గనుల్లో ఛాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లకు మించిన లోతు. దాని అడుగున గురుత్వం పైకంటే కాస్త ఎక్కువ. 1854లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ ఇంగ్లండులోని హార్టన్ బొగ్గుగనిలో లోలకాలు ఊపి ఈ పెరుగుదలనే కొలిచాడు. గురుత్వం అన్నిటికంటే ఎక్కువుండేది నేల మీద కాదు, 2,900 కిలోమీటర్ల లోతున గర్భం మొదలయ్యేచోట. అక్కడ దాదాపు 10.7. పాఠ్యపుస్తకాల్లో సులువు లెక్క పక్కనే ఈ ఒక్క వాక్యమూ ఉంటే పిల్లలకు భూమి ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది.

ఆ ఎయిరీకే మరుసటి ఏడాది ఒక పెద్ద చిక్కుముడి ఎదురైంది. దాని కొస దక్కన్‌లో ఉంది. భారతదేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కొలుస్తూ వచ్చిన మహా త్రికోణమితి సర్వేకు విలియం లాంబ్టన్ కొన్నేళ్లు హైదరాబాద్‌నే స్థావరంగా చేసుకున్నాడు. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ ఆయన దగ్గర సహాయకుడిగా చేరింది ఇక్కడే. మరుసటి వానాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వేకు వెళ్లి తీవ్రమైన జ్వరం పాలయ్యాడు. బీదర్ దగ్గరి దామర్‌గిద్ద నుంచి మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్‌కు, అక్కడి నుంచి ఉత్తరాన గంగా మైదానంలోని కలియానాకు ఆయన పెద్ద చాపం సాగింది. కల్యాణ్‌పూర్, కలియానాల మధ్య అక్షాంశాల తేడాను ఒకసారి నేల కొలతతో, మరోసారి నక్షత్రాలతో కట్టారు. రెండింటికీ 5.236 సెకన్ల తేడా వచ్చింది. నేల మీద అది 160 మీటర్లు. దాదాపు 600 కిలోమీటర్ల కొలతలో 160 మీటర్ల పొరపాటు అంటే ఎవరెస్ట్ లాంటివాడి సర్వేలో ఊహించలేనిది.

నక్షత్రాలతో కొలవాలంటే నిలువు ఏదో తెలియాలి. నిలువు చెప్పేది గుండుతాడు. ఉత్తరాన ఉన్న హిమాలయాల ద్రవ్యరాశి గుండును తన వైపు లాగితే నిలువే వంకరపోతుంది. కలకత్తా ఆర్చిడీకన్ జాన్ హెన్రీ ప్రాట్ పర్వతాలను ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క ద్రవ్యరాశి, దూరం వేసి లెక్క కట్టాడు. రావాల్సిన తేడా 15.885 సెకన్లు. వచ్చింది అందులో మూడో వంతే! కొండలు కళ్లెదుట అంత ఎత్తున ఉన్నాయి, లాగుడు మాత్రం అంత లేదు. 1855లో ఎయిరీ జవాబిచ్చాడు. కొండ కింద తేలికైన పటలం లోతుగా దిగి ఉంది, అక్కడ ఉండాల్సిన బరువైన రాతిని అది పక్కకు నెట్టింది, పైన పెరిగిన ద్రవ్యరాశికి కింద లోటు సరిపోతోంది అన్నాడు. కొండ కింది రాయే తక్కువ సాంద్రతతో ఉందని ప్రాట్ తర్వాత వేరే మార్గం చెప్పాడు. భూపటలం తేలియాడుతూ సమతూకంలో ఉంటుందన్న ఆలోచన ఇలా భారతదేశపు కొలతల నుంచి పుట్టింది. దాన్ని నేరుగా పరీక్షించేందుకు కెప్టెన్ బసేవి 1865 నుంచి లోలకాలతో దేశమంతా తిరిగాడు. లడాఖ్‌లోని మోరే మైదానంలో గురుత్వం అనుకున్నదానికంటే బాగా తక్కువని కొలిచాడు. 1871లో ఆ ఎత్తుల్లోనే పనిమీద ఉండగా ప్రాణాలు కోల్పోయాడు. సంఖ్యల వెనక ఇలాంటి మనుషులున్నారు. వారిని గుర్తుపెట్టుకోవాలి.

లెక్క తప్పినప్పుడు రెండు దారులుంటాయి. కనిపించని ద్రవ్యరాశి ఎక్కడో ఉందనుకోవడం ఒకటి, నియమమే తప్పనుకోవడం రెండోది. యురేనస్ కక్ష్య దారి తప్పితే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు లెవెరియే మొదటి దారి పట్టాడు. ఆయన లెక్క చెప్పిన చోటే 1846లో బెర్లిన్‌లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యకూ ఆయన అదే మందు వేశాడు. సూర్యుడి దగ్గర ‘వల్కన్’ అనే గ్రహం ఉండాలన్నాడు. దశాబ్దాలు వెతికినా అది దొరకలేదు. శతాబ్దానికి 43 సెకన్ల ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ నియమాన్నే మార్చి సరిచేశాడు. బలమైన గురుత్వం దగ్గర విలోమ వర్గం కచ్చితం కాదని అలా తేలింది. రెండు దారుల్లో ఏది సరైనదో ముందుగా చెప్పే ఉపాయం ఇప్పటికీ లేదు.

భూమి లోపలి విషయంలో మాత్రం మొదటి దారే పనిచేస్తుంది. ఆ పనికి ఈ ప్రాంతంలో పెద్ద చిరునామా తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డులో, హబ్సిగూడలో ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరి నోటా ఎన్‌జీఆర్ఐ. 1970లలో దేశం మొత్తానికీ గురుత్వ పటాలను అచ్చువేసింది ఈ సంస్థే. 2006లో భారత భూవైజ్ఞానిక సర్వేతో, మరికొన్ని సంస్థలతో కలిసి మరింత వివరమైన పటాల వరస వచ్చింది. ఆ పటాల్లోని ప్రతి చుక్కకూ ఎవరో ఒకరు గ్రావిటీ మీటరు మోసుకుంటూ వెళ్లి తీసిన రీడింగు ఉంది.

గ్రావిటీ మీటరు లోపల ఉండేది సున్నితమైన స్ప్రింగుకు వేలాడే చిన్న ద్రవ్యరాశి. గురుత్వం కోటిలో ఒక వంతు మారినా అది కదలిక చూపిస్తుంది. దాన్ని నేల మీంచి తీసి మీటరు ఎత్తు బల్ల మీద పెడితే 0.3 మిల్లీగాల్ తేడా కనబడుతుంది. అందుకే ఫీల్డులో ఎత్తును సెంటీమీటర్లలో కొలవాలి. స్ప్రింగు మెల్లగా సాగుతూ ఉంటుంది కాబట్టి గంటల వ్యవధిలో బేస్ స్టేషన్‌కు తిరిగి వచ్చి మళ్లీ రీడింగు తీసి డ్రిఫ్టు సరిచేయాలి. అక్షాంశం, ఎత్తు, కింది రాయి, పక్కనున్న గుట్టలు, చివరికి ఆ పూట సూర్యచంద్రుల స్థానాలు అన్నీ లెక్కగట్టి తీసేయాలి. ఇన్ని తీసేశాక మిగిలిన ఒకటి రెండు మిల్లీగాళ్లే నేల లోపలి కబురు.

ఆ కబురుకు మంచి ఉదాహరణ గోదావరి లోయ. ఆదిలాబాద్ నుంచి కొత్తగూడెం దాకా సింగరేణి బొగ్గు పరుచుకున్న ఈ లోయ, పాత గ్రానైటు నేల చీలి కుంగిన గాడిలో ఇసుకరాయి, షేలు నిండి ఏర్పడింది. అవి గ్రానైటుకంటే తేలిక కాబట్టి పటంలో లోయ పొడవునా గురుత్వం తక్కువగా కనిపిస్తుంది. ఘన సెంటీమీటరుకు సాంద్రత తేడా 0.25 గ్రాములనీ, మందం 3 కిలోమీటర్లనీ అనుకుంటే 31 మిల్లీగాళ్ల లోటు రావాలి. కడప బేసిన్ నైరుతి భాగంలో పరిస్థితి తలకిందులు. పైన అవక్షేప శిలలే ఉన్నా గురుత్వం ఎక్కువ. అడుగున బరువైన నల్లరాతి చొరబాటు ఉందని భూభౌతిక శాస్త్రజ్ఞులు చెబుతారు. పులివెందుల, తాడిపత్రి ప్రాంతాల్లో అదే జాతి రాళ్లు నేల మీద కూడా కనబడటం ఆ మాటకు బలం. కృష్ణా గోదావరి డెల్టా మట్టి కింద దాగిన బాపట్ల గట్టు, తణుకు గట్టు కూడా గురుత్వపు కొలతల్లో ఎత్తుగా కనబడేవే. చమురు, గ్యాసు వెతికేవారికి ఆ గట్ల మధ్య పల్లాలే ముఖ్యం.

ఇక్కడే ద్రవ్యరాశి, దూరాల మధ్య మెలిక ఎదురవుతుంది. నేల మీది కొలత ఒక్కటే. దాన్ని పైనే ఉన్న చిన్న ద్రవ్యరాశి ఇవ్వగలదు, లోతున ఉన్న పెద్ద ద్రవ్యరాశీ ఇవ్వగలదు. తేడా ఎంత వెడల్పున పరుచుకుందో చూస్తే లోతుకు ఒక హద్దు దొరుకుతుంది. గుండ్రటి వస్తువైతే తేడా సగానికి పడిపోయే దూరాన్ని 1.3తో గుణిస్తే దాని కేంద్రపు లోతు వస్తుంది. కానీ ఒకే రకం కొలతకు సరిపోయే అమరికలు అనేకం. ఈ సమస్య మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం భూభౌతిక విభాగంలో దశాబ్దాల కృషి జరిగింది. ఐ.వి. రాధాకృష్ణమూర్తి రాసిన గురుత్వ, అయస్కాంత విశ్లేషణ గ్రంథాన్ని 1998లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించింది. గురుత్వం ఒక్కదాన్నే నమ్మి బావి తవ్వే శాస్త్రజ్ఞుడు ఉండడు. భూకంప తరంగాలు, అయస్కాంతం, రాతి నమూనాలు తోడు రావాల్సిందే.

2002 మార్చిలో ఈ కొలతల తీరే మారిపోయింది. ‘గ్రేస్’ పేరుతో రెండు ఉపగ్రహాలు ఒకే కక్ష్యలో, 220 కిలోమీటర్ల ఎడంతో, ఒకదాని వెనక ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. ద్రవ్యరాశి ఎక్కువున్న నేల ఎదురైతే ముందుది కాస్త ముందే లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని మైక్రోమీటర్ల స్థాయిలో కొలిస్తే కింద ద్రవ్యరాశి నెలనెలా ఎలా మారుతోందో తెలుస్తుంది. రాళ్లు నెలల్లో మారవు, మారేది నీరు. ఎన్‌జీఆర్ఐకి చెందిన వి.ఎం. తివారీ, అమెరికా శాస్త్రజ్ఞులు జాన్ వార్, షాన్ స్వెన్సన్‌లతో కలిసి 2009లో ఒక పత్రం వెలువరించారు. 2002 నుంచి 2008 దాకా ఉత్తర భారతం, దాని పరిసరాలు ఏటా 54 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోగొట్టుకున్నాయని వారు తేల్చారు. హెచ్చుతగ్గులు 9 ఘన కిలోమీటర్లు ఉండవచ్చన్నారు. మన లెక్కలో అది దాదాపు 1,900 టీఎంసీలు. 312 టీఎంసీల నాగార్జునసాగర్ ఆరు నిండినంత నీరు, ఏటా.

ఏ రైతు బోరులోకీ తొంగిచూడకుండా, విద్యుత్తు బిల్లు కూడా అడగకుండా తెలిసిన సంగతి ఇది. న్యూటన్ నియమానికి ఇంతకంటే అవసరమైన వినియోగం మరొకటి కనిపించదు. అయితే దీని హద్దు కూడా చెప్పాలి. వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి కింద 300 కిలోమీటర్లకంటే చిన్న ప్రాంతాలు కలగలిసిపోయి కనిపిస్తాయి. దూరం వివరాన్ని తినేస్తుంది. సికింద్రాబాద్ బోర్ల సంగతి గ్రేస్‌కు అందదు. నేల మీద కొలవడమూ కష్టమే. గ్రానైటు పగుళ్లలో నీరు రెండు శాతం చోటే ఆక్రమిస్తుందనుకుంటే, నీటిమట్టం మీటరు పడిపోతే గురుత్వంలో వచ్చే మార్పు ఒక మైక్రోగాల్ కూడా ఉండదు. ఫీల్డు పరికరాల శక్తికి అది మించినది. 2018 నుంచి గ్రేస్ వారసులు తిరుగుతున్నాయి. తెలంగాణలాంటి గట్టిరాతి నేలకు మాత్రం ఊరూరా పరిశీలక బావులు పెట్టడం తప్పదు.

దూరం ప్రభావం అన్నిటికంటే వింతగా కనిపించేది సముద్రం దగ్గర. సూర్యుడు భూమిని చంద్రుడికంటే దాదాపు 180 రెట్లు బలంగా లాగుతాడు. అయినా విశాఖ రేవులో పోటుపాట్లను ప్రధానంగా నడిపేది చంద్రుడే, సూర్యుడి వాటా అందులో సగం కూడా లేదు. పోటుకు కావాల్సింది మొత్తం లాగుడు కాదు, భూమికి ఈ వైపు లాగుడుకూ ఆ వైపు లాగుడుకూ మధ్య తేడా. ఆ తేడా దూరం ఘనం మేరకు తగ్గుతుంది. సూర్యుడు 390 రెట్లు దూరం కావడంతో అతని భారీ ద్రవ్యరాశి అక్కడ ఓడిపోతుంది.

బేగంపేటలోని నిజామియా వేధశాల కథ ఇంకా పెద్ద దూరాలది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన ఆ వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసే అంతర్జాతీయ పథకంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ దాని వంతుకు వచ్చింది. దశాబ్దాల పాటు గాజు పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. శతాబ్దం చివర్లో ఆ పాత స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 2000 సంవత్సరంలో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు తేల్చారు. నక్షత్రం కదలిక తెలిస్తే దాన్ని లాగుతున్న ద్రవ్యరాశి తెలుస్తుంది. గెలాక్సీల విషయంలో ఆ లెక్క మళ్లీ తప్పింది. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే, అంచుల్లోని వాయు మేఘాలు దూరం పెరిగేకొద్దీ నెమ్మదించాల్సింది పోయి అదే వేగంతో తిరుగుతున్నాయి. కనిపించని కృష్ణ పదార్థం ఉందన్నది అత్యధికుల మాట. చాలా బలహీనమైన గురుత్వంలో నియమమే మారుతుందని 1983లో మిల్‌గ్రోమ్ ప్రతిపాదించాడు. గెలాక్సీ గుంపుల కొలతలు కృష్ణ పదార్థం వైపే మొగ్గుతున్నా ఆ పదార్థపు కణం ఒక్కటీ ఏ ప్రయోగశాలలోనూ చిక్కలేదు. నెప్ట్యూనా, వల్కనా అన్నది ఇంకా తేలాల్సే ఉంది.

చిన్న దూరాల దగ్గరా పరీక్షలు ఆగలేదు. 1980లలో గురుత్వానికి తోడుగా వస్తువు జాతిని బట్టి మారే మరో బలం ఉందన్న వాదన లేచింది. హిందూపురానికి దక్షిణాన, కర్ణాటకలోని గౌరిబిదనూరులో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుడు రమానాథ్ కౌశిక్ బృందం భూగర్భ గదిలో సన్నని తీగకు త్రాసును వేలాడదీసి దాన్ని పరీక్షించింది. 1988లో ఫలితాలు ప్రకటించింది. అలాంటి బలం కనబడలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం 2020 నాటికి విలోమ వర్గ నియమాన్ని 52 మైక్రోమీటర్ల దూరం వరకూ సరిచూసింది. వియన్నాలో 2021లో రెండు మిల్లీమీటర్ల బంగారు గోళాల మధ్య, అంటే ఒక్కోటి 100 మిల్లీగ్రాములు కూడా లేని వాటి మధ్య లాగుడును కొలిచారు.

వీటన్నిటి మధ్య న్యూటన్ సూత్రంలోని అసలు గురుత్వ స్థిరాంకమే బాగా తెలియదు. 1798లో కావెండిష్ 158 కిలోల సీసపు గుండ్లతో మొదలుపెట్టిన కొలత ఇది. నేటి ఆమోదిత విలువ 6.6743 ఇంటూ పది రుణాత్మక పదకొండో ఘాతం. చైనాలో 2018లో ఒకే బృందం రెండు పద్ధతుల్లో కొలిస్తే ఒక దానిలో 6.674184, మరో దానిలో 6.674484 వచ్చాయి. నాలుగో దశాంశం దగ్గరే విభేదం. స్థిరాంకాన్నీ భూమి ద్రవ్యరాశినీ గుణించిన విలువ ఉపగ్రహాల కక్ష్యల వల్ల పది అంకెల దాకా తెలుసు. ద్రవ్యరాశి విడిగా కావాలంటే మాత్రం నాలుగైదు అంకెల దగ్గరే ఆగాలి.

రాబోయే అధ్యాయం ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమైన హింగోలీ జిల్లాలో, నేటి మహారాష్ట్రలో మొదలవుతోంది. 2,600 కోట్ల రూపాయల లైగో-ఇండియాకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం అనుమతిచ్చింది. నాలుగేసి కిలోమీటర్ల రెండు చేతుల్లో వేలాడే అద్దాలు ఎక్కడో కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు వచ్చే గురుత్వ తరంగాలను పట్టుకోవాలి. ఇలాంటి పరికరాలు మెరుగయ్యేకొద్దీ ఎదురయ్యే చిక్కు న్యూటన్ గురుత్వమే. నేలలో సాగే చిన్న కంపనం రాతి సాంద్రతను ఒకచోట పెంచి మరోచోట తగ్గిస్తుంది. దగ్గర్లో ఉండటం వల్ల ఆ కాస్త ద్రవ్యరాశి మార్పే అద్దాన్ని లాగుతుంది. కంపనాన్ని స్ప్రింగులతో ఆపవచ్చు, గురుత్వాన్ని ఆపే తెర లేదు. చుట్టూ భూకంప మాపకాలు పాతి, ఏ క్షణాన ఎక్కడ ఎంత ద్రవ్యరాశి ఎంత దూరంలో కదిలిందో లెక్కగట్టి తీసేయడమొక్కటే దారి. ఆ లెక్కకు రాతి సాంద్రత, కంపనాల తీరు ముందే తెలిసి ఉండాలి. భూభౌతిక శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా దక్కన్ నేల మీద చేస్తున్న పని సరిగ్గా అదే.